సంధి చేయు విద్య: వరాహగిరి వేంకటగిరిగారి జీవితము



నేడు నేను ప్రసంగింపదలచినది ఒక రాయబారి జీవితమును గూర్చి. రాయబారి యనగానే మన పల్లెలలో మొదట తలపునకు వచ్చువాడు శ్రీకృష్ణుడు. ఆ రాయబార ఘట్టమును నాటకముగా చూడని పెద్దలు మన సీమలో అరుదు. కృష్ణుడు హస్తినకు పోయినది యుద్ధము తెచ్చుటకు కాదు. అయిదూళ్ళడిగియైనను సంధి చేయుటకు. ఆ సంధి పొసగలేదు. అయినను ఆ రాయబారము వ్యర్థమని యెవ్వరును అనరు. ఏలయన, న్యాయమడిగినవారెవరో, కాదన్నవారెవరో దానివలన లోకమునకు తెలిసినది.

నేను చెప్పబోవు మహనీయుని జీవితమున గూడ అట్టి రాయబారమొకటి కలదు. ఆయన వరాహగిరి వేంకటగిరిగారు. 1969 మొదలు 1974 వరకు భారత రాష్ట్రపతిగా నుండినవారని ఆయనను పెక్కుమంది యెరుగుదురు. అంతకు బహుకాలము ముందు ఆయన పరదేశమునుండి వెడలగొట్టబడిన విద్యార్థి. పిమ్మట రైలు కార్మికుల నాయకుడు. ఆ పిమ్మట సింహళమునకు భారతదేశము పంపిన తొలి హైకమిషనరు. ఈ మూడింటిని గుచ్చిన దారమొకటి కలదు. ఆ దారమును చూపుటయే నా యుద్దేశము.

నేను ఆస్పరి ప్రాంతమువాడను. రచ్చకట్టమీద గట్టు తగవులును, దారి తగవులును, కూలి తగవులును విన్నవాడను. మీకును తెలిసిన సంగతియొకటి నాకు అనుభవమున తెలిసినది. ఇరుపక్షములవారు ఎదురెదురుగా కూర్చుండి ఒప్పుకొన్న తీర్పు నిలుచును. ఒక పక్షమును పిలువకయే చెప్పిన తీర్పు మరుసటి పంటనాటికే మరల రచ్చకెక్కును. గిరిగారు తమ జీవితమందు ఎక్కువభాగము ఈ యొక్క సత్యము కొరకే పాటుపడిరి. ఒకచోట గెలిచిరి. ఒకచోట అది వారి చేతిలో లేకపోయెను. ఆ రెండును మనకు పాఠములే.

గిరిగారు 1894వ సంవత్సరము ఆగష్టు 10వ తేదీన బరంపురమున జన్మించిరి. బరంపురము నాడు మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాలోనిది, నేడు ఒడిశాలోనిది. తండ్రి జోగయ్యపంతులుగారు న్యాయవాది, దేశాభిమాని. తల్లి సుభద్రమ్మగారు స్వాతంత్ర్యోద్యమమున పాల్గొని చెరసాలకు పోయిన యిల్లాలు. బరంపురమునకు చేరువనే గోపాలపురము రేవు కలదు. గంజాము పల్లెలనుండి కూలిజనము ఆ రేవున ఓడనెక్కి రంగూనునకు పోవుచుండిరి. ఆ కాలమున ఆ ప్రాంతమందు పుట్టినవారికి, కూడుకొరకు సముద్రము దాటు పేదవాడు వింత కాదు. ఈ మాట జ్ఞప్తియందుంచుకొనుడు. ముందు దీనితో పని కలదు.

1913లో గిరిగారు న్యాయశాస్త్రము చదువుటకై ఐర్లండు రాజధానియగు డబ్లినునకు పోయిరి. ఐర్లండు ఇంగ్లండు ప్రక్కనున్న ద్వీపము. అచ్చటివారు తెల్లవారే, క్రైస్తవులే. అయినను వారు గూడ పరపాలన క్రింద నుండిరి. 1801లో వారి శాసనసభ రద్దయి, పరిపాలన లండనునకు పోయెను. 1845 మొదలు కొన్నియేండ్లు అచ్చట ఉర్లగడ్డ పంటకు తెగులు తగిలి ఘోరమైన కరవు వచ్చినది. సుమారు పదిలక్షలమంది మరణించిరి. మరి యంతమంది దేశము విడిచిపోయిరి. ఆ కరవునందే ఆ దేశమునుండి ధాన్యము ఓడలలో వెలికి పోవుచుండెను. మన బళ్ళారి, కర్నూలు జిల్లాలలో ధాత కరవని పెద్దలు చెప్పుకొనిన 1876-78 నాటి కరవును గూర్చి వినినవారికి ఈ కథ క్రొత్తదిగా తోచదు. అప్పుడును మన దేశమునుండి గోధుమలు ఎగుమతియగుచునే యుండెను.

గిరిగారు డబ్లిను చేరిన యేటనే అచ్చట గొప్ప కార్మిక కలహము పుట్టెను. కార్మికులు సంఘము విడిచెదమని వ్రాసి యిచ్చిననే పనిలోనికి రానిచ్చెదమని యజమానులు పట్టుబట్టిరి. సుమారు ఇరువదివేలమంది కార్మికులు నెలల తరబడి పని లేక, కూడు లేక నిలిచిరి. 1914 ఆరంభమున ఆకలికి తాళలేక కొంచెము కొంచెముగా పనికి మరలిరి. వారి నాయకులలో జేమ్సు కానొలీ యనునతడొకడు. దేశమునకు స్వాతంత్ర్యమును, పనివానికి కడుపునిండ తిండియు వేర్వేరు ప్రశ్నలు కావని అతని సిద్ధాంతము. జెండా మాత్రము మారి, కూలివాని బ్రతుకు మారనియెడల అది స్వాతంత్ర్యము కాదని అతడు బోధించుచుండెను. ఈ మాట గిరిగారి మనస్సున గాఢముగా నాటుకొనెను.

విశ్వవిద్యాలయ కళాశాలలో ఆంగ్ల సాహిత్యము బోధించినవారిలో థామసు మాక్డోనా యను కవియొకడుండెను. 1916 ఏప్రిలు 24వ తేదీన, ఈస్టరు పండుగ మరునాడు, ఐరిషు దేశభక్తులు డబ్లినులోని పెద్ద తపాలా కార్యాలయమును, మరికొన్ని భవనములను పట్టుకొని స్వతంత్ర ప్రజారాజ్యమును ప్రకటించిరి. ఆ ప్రకటనపై చేవ్రాళ్ళు చేసినవారు ఏడుగురు. వారిలో మాక్డోనా యొకడు, కానొలీ యొకడు. ఆరుదినములలో తిరుగుబాటు అణగిపోయెను. ఆ ఏడుగురిని తుపాకులతో కాల్చి చంపిరి. కానొలీ గాయపడి నిలువలేకుండుటచే కుర్చీలో కూర్చుండబెట్టి కాల్చిరి. విద్యార్థికి తన యుపాధ్యాయుని ఈ విధముగా పోగొట్టుకొనుట యెట్టిదో మీరే యూహింపుడు.

ఆ పిమ్మట పోలీసులు భారతీయ విద్యార్థుల గదులను మాటిమాటికి సోదాచేసిరి. దక్షిణాఫ్రికాలో భారతీయులు పడు కష్టములను గూర్చి ఆ విద్యార్థులు కరపత్రము ప్రకటించియుండుటవలన వారిపై అనుమానము ముందే కలదు. 1916 జూన్‌ 1వ తేదీన, నెలలోపల దేశము విడువవలెనని గిరిగారికి ఉత్తరువు అందెను. బారిష్టరు పట్టము పొంది ఆయన మరలివచ్చిరి.

ఇట్టి దెబ్బ తిన్న యువకునకు రెండు త్రోవలు కలవు. పగ పట్టుట యొకటి. పట్టుదల వహించుట రెండవది. గిరిగారు రెండవదానిని చేపట్టిరి. ఇందులకు గాంధీగారి మార్గమును కారణమే. గాంధీగారిని ఆయన 1914లో లండనునందు కలిసియుండిరి. 1920లో సహాయనిరాకరణోద్యమము రాగానే వకీలు వృత్తిని విడిచిరి. 1922లో కల్లు సారాయి దుకాణముల యెదుట ఉద్యమము నడిపి చెరసాలకు పోయిరి. డబ్లినులో నేర్చినదానిలో తుపాకిని విడిచిపెట్టి, కార్మిక సంఘమును తెచ్చుకొనిరి.

మన ఆస్పరి స్టేషను మద్రాసునుండి గుంతకల్లు, ఆదోని, రాయచూరు మీదుగా బొంబాయి పోవు రైలుమార్గమందలిది. రైలు నడచుటకు ఎంతమంది చెమట యోడ్చవలెనో మనము స్టేషనులో నిలుచుండి చూచినదే. పట్టాలు సరిచేయు గ్యాంగు కూలీలు, బొగ్గు వేయువారు, మరమ్మతు వేయువారు — నాటి కాలమున వీరికి పని నిలుకడ లేదు; తీసివేసిననాడు అడుగువాడు లేడు. గిరిగారు అఖిలభారత రైల్వే కార్మిక సమాఖ్య స్థాపకులలో నొకరు. దానికి అధ్యక్షులుగా గూడ నుండిరి. బెంగాలు నాగపూరు రైల్వేలో పనివారిని తీసివేయ సంకల్పించినప్పుడు, 1927లో ఖరగపూరున గొప్ప సమ్మె జరిగెను. దానిని శాంతముగా నడిపినవారిలో గిరిగారు ముఖ్యులు. అఖిలభారత ట్రేడు యూనియను కాంగ్రెసునకు 1926లో నొకసారి, 1942లో మరియొకసారి అధ్యక్షులైరి.

1927లో కార్మికుల ప్రతినిధిగా జెనీవా నగరమునకు పోయిరి. అంతర్జాతీయ కార్మిక సంస్థ యనునది మొదటి మహాయుద్ధము ముగిసిన పిమ్మట 1919లో ఏర్పడినది. సాంఘిక న్యాయము లేనిచో లోకమున శాంతి నిలువదని దాని నిబంధనావళియే చెప్పుచున్నది. ఈ సంస్థలో మూడు పక్షములవారు కూర్చుందురు: ప్రభుత్వము, యజమాని, పనివాడు. పనివానికి గూడ పీటవేసిన సభ యిది. 1931లో లండనున జరిగిన రెండవ రౌండుటేబిలు సమావేశమునకు గూడ గిరిగారు కార్మికుల పక్షమున పోయిరి. 1937లో బొబ్బిలి నియోజకవర్గమున బొబ్బిలి రాజాగారిని ఓడించి మద్రాసు మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల శాఖను వహించిరి. యుద్ధము రాగా 1939లో మంత్రివర్గము రాజీనామా యిచ్చెను. పిమ్మట చెర, 1942లో మరల చెర, 1945 వరకు వేలూరు, అమరావతి జైళ్ళలో నుండిరి. 1946లో ప్రకాశంపంతులుగారి మంత్రివర్గమున మరల కార్మికశాఖ.

ఇంత యనుభవమున గిరిగారు సిద్ధము చేసికొన్న పద్ధతిని కొంచెము వివరించెదను. తగవు రెండు విధముల తీరును. ఇరుపక్షములను కూర్చుండబెట్టి, మధ్యవర్తి యొకడు ఒకరి మాట యొకరికి తెలియజెప్పి, వారినోటనే ఒప్పుదల రాబట్టుట మొదటిది. మూడవవాడు విచారించి తీర్పు చెప్పి, దానిని ఇద్దరి నెత్తిన పెట్టుట రెండవది. దీనియందు వేగము కలదు. కాని గెలిచినవాడు, ఓడినవాడు అని యిద్దరు మిగులుదురు. వీరు మరునాడు అదే మిల్లులో మొగము మొగము చూచుకొని పనిచేయవలసినవారు. అందుచేత సర్కారు తీర్పు చివరి యౌషధముగానే యుండవలెనని, మొదట ఇరుపక్షములు తామే కుదుర్చుకొన నేర్వవలెనని గిరిగారి మతము. దీనిని కార్మిక శాస్త్రజ్ఞులు గిరిగారి పద్ధతియని ఆయన పేరనే పిలుతురు.

కొందరు, బలవంతుడును బలహీనుడును కూర్చుండి మాటలాడినచో బలవంతునిదే పైచేయి యగును గదా, యని యడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనది. గిరిగారి సమాధానము వారి జీవితమందే కలదు. బలహీనుని ఒంటరిగా కూర్చుండబెట్టరాదు. మొదట సంఘముగా కూర్చవలెను. వేయిమంది పక్షమున నోరు విప్పువాడొకడు వచ్చినప్పుడే సంధి సంధియగును. లేనిచో అది లొంగుబాటు.

ఇక సింహళపు సంగతి. దీనినే నేను మీకు ముఖ్యముగా చెప్పదలచితిని.

1947లో గిరిగారిని భారత ప్రభుత్వము సింహళమునకు ప్రతినిధిగా నియమించెను. కామన్వెల్తు దేశములు ఒకరికొకరు పంపుకొను రాయబారికి హైకమిషనరని పేరు. ఆయన 1951 వరకు కొలంబోలో నుండిరి. అచ్చటి ముఖ్య సమస్య రాజులది కాదు, సైన్యములది కాదు; తేయాకు తోటలలోని కూలివారిది.

పందొమ్మిదవ శతాబ్దమున తెల్లదొరలు సింహళపు కొండలలో మొదట కాఫీ తోటలు, తెగులువలన అవి చెడిపోగా తేయాకు తోటలు వేసిరి. పనికి తమిళనాటి జిల్లాలనుండి పేదవారిని తెచ్చిరి. తెచ్చువాడు కంగాణి. బర్మాకు మన తెలుగువారిని తోడ్కొనిపోయిన మేస్త్రీ వంటివాడు. బయాన యిచ్చును, అప్పు వ్రాయును, దారిఖర్చు అప్పులో కలుపును. మొదటి దినములలో మన్నారు తీరమున దిగి అడవులగుండ కొండలకు నడచిపోవుచు ఎందరో జ్వరములచే దారిలోనే మరణించిరి. ఒక తోటనుండి మరియొక తోటకు పోవలెనన్న, పాత తోటలోని అప్పెంతయో వ్రాసిన తుండు చీటీ చూపవలెను. క్రొత్త యజమాని ఆ యప్పు కట్టిననే విడుదల. ఈ తుండు పద్ధతి 1921లో రద్దయ్యెను. ఇట్లు పోయినవారి బిడ్డలు, బిడ్డల బిడ్డలు ఆ తోటలలోనే పుట్టి, అచ్చటనే పెరిగిరి. 1946 జనాభా లెక్కలనాటికి వారు సుమారు 7,80,000 మంది. ఆ దేశపు ప్రజలలో తొమ్మిదింట నొకవంతు.

1948 ఫిబ్రవరి 4వ తేదీన సింహళము స్వతంత్రమయ్యెను. ఆ యేడే పౌరసత్వ చట్టము చేసిరి. తండ్రియో, తాతయో ఆ దేశముననే పుట్టినట్లు నిరూపించినవారే పౌరులు. పుట్టుక చీటీలు లేని కాలమున కొండలలో పుట్టిన కూలివాడు తన తాత పుట్టుకను ఏ కాగితముతో నిరూపింపగలడు? 1949లో మరియొక చట్టము వచ్చి, ఏడేండ్లో పదేండ్లో ఎడతెగక నివసించినట్లు రుజువు చూపినవారు పౌరసత్వమునకు అర్జీ పెట్టుకొనవచ్చునని చెప్పెను. అదే యేట ఎన్నికల చట్టము మార్చి పౌరులు కానివారి ఓటును తీసివేసిరి. 1947 ఎన్నికలలో తోటల జనము తమ ప్రతినిధులను శాసనసభకు పంపియుండిరి. 1952 ఎన్నికలలో వారి ప్రతినిధి యొక్కడును లేడు.

సింహళ నాయకుల భయమును గూడ న్యాయముగా చెప్పవలెను. కొండసీమలో తమ రైతుల భూములు తోటలపాలైనవి. పైనుండి వచ్చినవారి ఓట్లతో తమ గ్రామములు ఇతరుల చేతికి పోవునని వారు భయపడిరి. భారత ప్రభుత్వమునకు దానిదైన మాట యొకటి కలదు. అచ్చట పుట్టి, అచ్చటి సంపదను పెంచినవారు అచ్చటి పౌరులే కావలెను గాని, మేము కోరకయే మావారెట్లగుదురని నెహ్రూగారి వాదము. నెహ్రూగారికిని సింహళ ప్రధాని సేనానాయకేగారికిని ఇందునుగూర్చి సంభాషణలు జరిగినవి. పెక్కు లేఖలు నడచినవి. ఏండ్ల లెక్కలో, రుజువుల విషయమున వారికి పొత్తు కుదురలేదు. ఈ రెండు ప్రభుత్వముల నడుమ కొలంబోలో నిలిచిన మనిషి గిరిగారు. ఢిల్లీ మాట కొలంబోలో చెప్పుట, కొలంబో మాట ఢిల్లీకి తెలుపుట, తోటలనుండి వచ్చు మొర ఆలకించుట ఆయన పని.

జీవితమంతయు కూలివాని పక్షమున నిలిచిన మనుష్యుని కూలివారి సమస్యకే రాయబారిగా పంపిరి. ఇంతకంటె తగినవా రుండరు. అయినను ఆ చట్టములను ఆయన ఆపలేకపోయిరి. కారణమేమి? రైలు సమ్మెలో కార్మికుడు తన సంఘముతో వచ్చి యజమాని యెదుట కూర్చుండెను. సింహళమున కూర్చుండినవి రెండు ప్రభుత్వములు. ఎవరిని గూర్చిన తగవో వారికి ఆ సభలో పీట లేదు. ఓటు పోయినపిమ్మట వారి మొర వినవలసిన యవసరమును సభ్యులకు లేకపోయెను. రాయబారి యెంత సమర్థుడైనను, లేనివానికి బదులు తాను మాటలాడగలడు గాని, వానిని సభలో కూర్చుండబెట్టలేడు.

పిమ్మట జరిగినది వినుడు. 1949 చట్టము క్రింద అర్జీలు పెట్టుకొనినవారు ఎనిమిది లక్షలకు పైబడిరి. 1960 తరువాతి సంవత్సరములనాటికి పౌరసత్వము దొరకినవారు సుమారు 1,34,000 మంది మాత్రమే. 1964 అక్టోబరులో లాల్‌బహదూర్‌ శాస్త్రిగారును, సిరిమావో బండారునాయకేగారును ఒక ఒడంబడిక చేసికొనిరి. ఏ దేశపు పౌరులును కాని 9,75,000 మందిలో 5,25,000 మందిని భారతదేశము, 3,00,000 మందిని సింహళము తీసికొనవలెనని నిర్ణయము. మిగిలిన 1,50,000 మందిని 1974లో సరిసగముగా పంచుకొనిరి. తమ్ము అడుగకయే తమ్ము పంచుకొనిరని తోటల జనుల నాయకులు ఆక్షేపించిరి. తాతముత్తాతలు విడిచిన ఊళ్ళ పేరైనను ఎరుగని కుటుంబములు మూటముల్లెలతో తలైమన్నారులో ఓడనెక్కి రామేశ్వరమున దిగినవి. ఒకే యింటిలో అన్న యొక దేశమువాడు, తమ్ముడు మరియొక దేశమువాడు అయిన సంసారములు కలవు. మిగిలినవారికి 2003లో శ్రీలంక శాసనసభ చట్టము చేసి పౌరసత్వ మొసగువరకు ఈ చిక్కు పూర్తిగా విడలేదు. 1948నుండి 2003 వరకు ఏబదియైదేండ్లు. పీట వేయక చేసిన తీర్పు మూడుతరముల కాలము రచ్చ విడువలేదు.

దీనికి సరిగా ఎదురైన ఉదాహరణ మన యింటిలోనే కలదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు మన ఆదోని, ఆలూరు తాలూకాలు, రాయదుర్గముతో గూడ, బళ్ళారి జిల్లానుండి విడివడి ఆంధ్రమున చేరినవి. బళ్ళారి మైసూరున చేరెను. వియ్యములు రెండువైపుల నుండెను. భాషలు రెండును ఇండ్లలో నుండెను. మనస్సునకు నొప్పి కలిగినవారును కలరు. కాని గీత జరిగినందున ఎవ్వని పౌరసత్వమును పోలేదు. ఎవ్వని ఓటును పోలేదు. కన్నడము మాటలాడు మన గ్రామస్థుడు మరునాడును అదే యింట, అదే చేనియొద్ద, అదే హక్కుతో నుండెను. గీతలు మార్చుటలో హాని కొంచెము. మనుష్యుని లెక్కలోనుండి తీసివేయుటలో హాని మిక్కుటము.

గిరిగారు మరలివచ్చి 1952లో పాతపట్నమునుండి లోకసభకు ఎన్నికై, కేంద్రమున కార్మికమంత్రియైరి. రెండేండ్లకు ఒక పరీక్ష వచ్చెను. బ్యాంకు ఉద్యోగుల జీతములను గూర్చి న్యాయస్థానమొకటి తీర్పు చెప్పియుండెను. ఆ తీర్పును ప్రభుత్వము 1954లో మార్చి ఉద్యోగుల లాభమును తగ్గించెను. గిరిగారు మంత్రిపదవిని విడిచిపెట్టిరి. పైనుండి వచ్చు తీర్పులకంటె ఒప్పుదలయే మేలనువారు, తీర్పు మార్చిరని పదవి విడుచుట యేమని కొందరికి తోచవచ్చును. ఇందు వైరుధ్యము లేదు. ఒప్పుదల మేలే, కాని మధ్యవర్తి తీర్పునకు కట్టుబడెదమని ఇరువురను పిలిపించినపిమ్మట, తీర్పు తనకు రుచింపలేదని పెద్దమనిషియే దానిని దిద్దరాదు. దిద్దినచో ఇక ఆ రచ్చకు ఎవడు వచ్చును? తరువాత ప్రభుత్వము విచారణ సంఘమును నియమించి, ఉద్యోగులకు పోయినదానిలో చాలభాగము మరల ఇచ్చెను.

మిగిలిన పదవులను గూర్చి శీఘ్రముగా చెప్పెదను. ఉత్తరప్రదేశము, కేరళము, మైసూరు రాష్ట్రములకు గవర్నరుగా నుండిరి. 1967లో ఉపరాష్ట్రపతియైరి. 1969లో ఏ పక్షమునకును చెందని అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలిచి, మన పొరుగు అనంతపురము జిల్లావారగు నీలం సంజీవరెడ్డిగారిపై 4,20,077 ఓట్లకు 4,05,427 ఓట్లుగా గెలిచిరి. ఆ యెన్నిక చెల్లదని వ్యాజ్యము రాగా, 1970లో రాష్ట్రపతియై యుండియు సుప్రీముకోర్టులో తామే సాక్ష్యమిచ్చిరి. 1975లో భారతరత్నము లభించెను. 1980 జూన్‌ 24వ తేదీన మద్రాసున పరమపదించిరి. నోయిడాలోని జాతీయ కార్మిక విద్యాసంస్థ నేడు వారి పేరు ధరించియున్నది.

పెద్దలారా, ఈ కథ దూరదేశపుది కాదు. మన ఆస్పరి, ఆలూరు, ఆదోని, కోసిగి ప్రాంతములలో వానలు తప్పినయేట సుగ్గికి పోవు కుటుంబములను మీరెరుగుదురు. గుంటూరు మిరపతోటలకును, తెలంగాణపు పత్తిచేలకును, కర్ణాటకమునకును లారీలలోను, రైళ్ళలోను పోవుదురు. బయాన యిచ్చువాడొకడు, లెక్క వ్రాయువాడొకడు. ఇంట ముసలివారును తాళమును మిగులును; పిల్లల చదువు నడుమ తెగును. వీరు పరదేశమునకు పోలేదు, పౌరసత్వము పోలేదు, ఇది గొప్ప భాగ్యము. కాని వారు లేని నెలలలోనే గ్రామసభ జరుగును; ఇండ్ల జాబితా వ్రాయుదురు; ఓటర్ల పట్టిక సరిచూతురు; నీటి వంతులు నిర్ణయింతురు. తలుపు తాళము చూచి, ఇచ్చట నెవరును లేరని వ్రాసికొనిపోవుట సులభము. సింహళపు కొండలలో జరిగిన అన్యాయము గూడ మొదట ఇట్టి వ్రాతలోనే పుట్టినది: కాగితము లేనివాడు లేడనుట.

కావున మీరు రచ్చకట్టమీద కూర్చుండినప్పుడు మూడు సంగతులు విచారింపవలెనని నా మనవి. మొదటిది, ఎవరి తగవో వారు ఎదుట నున్నారా? లేనియెడల సుగ్గినుండి మరలువరకు తీర్పు ఆపుట దోషము కాదు. నేటి కాలమున ఫోనుననైనను వారి మాట వినవచ్చును. రెండవది, బలహీనుడు ఒంటరిగా వచ్చెనా, తనవారితో వచ్చెనా? ఒంటరివాడైనచో వానికి తోడు నిలుచువానిని మీరే యేర్పరుపుడు. మూడవది, మీరు చెప్పిన మాట మీకే రుచింపనినాడు గూడ దానికి కట్టుబడగలరా? కట్టుబడలేనిచో చెప్పకుండుటయే మేలు.

డబ్లినులో తన గురువును కాల్చిన తుపాకులను గిరిగారు ఎన్నడును మరువలేదు. అయినను జీవితమంతయు తుపాకిని కోరలేదు. పీటను కోరిరి — తగవు గలవానికి సభలో కూర్చుండుటకు పీట. పరపాలనమునెదిరించుటయు, సంధి చేయుటయు రెండు వేర్వేరు విద్యలని కొందరందురు. ఆయన జీవితము చూచిన, అవి రెండును ఒక్కటే. పరపాలనమనగా మనలను పిలువక మనపై తీర్పు చెప్పుట. సంధియనగా పిలిచి, విని, ఒప్పించి, ఆ మాట నిలుపుకొనుట. మొదటిదానిని దేశమునుండి 1947లో వెడలగొట్టితిమి. మన రచ్చకట్టనుండి దానిని వెడలగొట్టవలసిన భారము మీది.